కార్టూన్ నాన్న నౌకరి

చేవెళ్ల నుంచి మొయినాబాద్ కాలేజీకి నాతోపాటు బస్సులో వచ్చే తోటి లెక్చరర్‌కూ నాకూ ఒకటే జబ్బు. ముప్పై ఏళ్లుగా టీవీలో సాగుతున్న ఒక అమెరికా కార్టూన్ కామెడీ గురించి రోజూ కొట్లాడుకుంటాం. పదో సీజన్‌తోనే అది చచ్చిపోయిందంటాడు మా వాడు. ఆ శవాన్ని మాత్రం ఒక్క వారం కూడా చూడకుండా ఉండడు. నేనేమైనా తక్కువ తిన్నానా, ఏ ఎపిసోడ్‌లో వాళ్ల వంటింటి గోడ రంగు మారిందో నిద్రలో లేపినా చెప్తాను. ఈ గొడవల్లో మాటలు బంద్ చేసుకున్న రోజులూ ఉన్నాయి. అప్పుడు కూడా కూర్చునేది పక్కపక్కనే.

ఆ వారమంతా ఆ కార్టూన్‌లోని తండ్రి ఉద్యోగం పోవడం మీద వాదించుకున్నాం. ముడిమ్యాల నుంచి కొత్తిమీర అమ్మడానికి వచ్చే ఒక అవ్వ వెనక సీట్లో కూర్చుని రోజూ వింటూనే ఉంది. శనివారం నా భుజం తట్టింది.

"బిడ్డా, ఆయన నౌకరి పోయిందంటున్నరు గదా. మళ్ల దొరికిందా?"

ఆయన బొమ్మల మనిషని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా వాడే జవాబిచ్చాడు.

"దొరికిందవ్వా. పోవుడు, వారం తిరగకముందే మళ్ల దొరుకుడు. ముప్పై ఏండ్ల సంది గిదే కథ."

"పని మంచిగ చేస్తడా?"

"అస్సలు చెయ్యడు. మొన్న ఆఫీసునే తగలబెట్టిండు."

అవ్వ గంప సర్దుకుంటూ ముందుకు వంగింది.

"ఏ పార్టీల తిరుగుతడు బిడ్డా?"

ఒక్కో ఎపిసోడ్‌ను పదేసి సార్లు చూసిన పండితులం. ఆ సంగతి అడగాలని మా ఇద్దరికీ ఒక్కసారీ తట్టలేదు.