పలకల లారీ దస్తగిరి

“పడుకోబెడితే పలకలు వాటి బరువుకే పగుల్తాయి. నిలబెట్టు మేస్త్రీ, లేకుంటే నెత్తిన పెట్టుకొని నువ్వే రైలు స్టేషనుకు మోసుకపో!” అంటూ దస్తగిరి, లారీ ఇంజను తిప్పి స్టార్టు చేసే ఇనుప హ్యాండిలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మేస్త్రీ గొణుక్కుంటూ పలకలన్నీ దింపించి, అంచుల మీద నిలబెట్టించాడు. మార్కాపురం కార్ఖానాలో పలకల మధ్య గడ్డి కూరే గురవమ్మ, ఆ మేస్త్రీ ఓడిపోవడం చూడటం అదే మొదలు. దస్తగిరి తల ఒక పక్కకు వంచి లారీ నడుపుతాడు. ఇంజను రొదలోనూ వెనక ఒక్క పలక చిట్లితే పసిగట్టి నెమ్మది చేసేవాడు. ఈమధ్య ఎవరు పిలిచినా తిరిగి చూడటం లేదు. పొగరనుకుంది గురవమ్మ.

గిద్దలూరులో దుంగల లారీ తోలమని, రెట్టింపు జీతమిస్తామని దస్తగిరికి కబురొచ్చింది.

“ఇంకేంది నాయనా, పోరాదూ?” అని ఆమె మూడుసార్లు అరిచింది. మూడోసారి అతను ఆమె పెదవులు చూసి జవాబు చెప్పాడు.

“దుంగలు పగలవు పెద్దమ్మా. కానీ అక్కడి కొండ కనుమ మలుపుల్లో ఎదురుబండి హారను వినపడకుంటే మనుషులే పోతారు. నాకు చెవులు పోయినాయి. ఇక్కడ దారి తిన్నగా ఉంది, ఎదురొచ్చేది కంటికి కనపడుతుంది. పోతే పలకలే పోతాయి.”

గురవమ్మ చేతిలోని గడ్డి కింద పెట్టింది.

“అవి పోయినా నాకు తలవంపే. రేపట్నుంచి లారీలో నా పక్కన కూర్చో పెద్దమ్మా. వెనక చిట్లిన చప్పుడైతే, నా భుజం మీద గట్టిగా కొట్టు.”