చింతగింజల చక్రవర్తులు

ముగ్గురు కజిన్లు కొట్టుకుంటే యూరప్ తగలబడిందని ఎవరైనా అంటే నా నోరు ఊరుకోదు. మొదటి ప్రపంచయుద్ధం పేరెత్తగానే ఈ మాట వచ్చేస్తుంది. ఇంగ్లండు రాజు, జర్మనీ చక్రవర్తి, రష్యా జారు ముగ్గురూ కజిన్లట, ఇంటి గొడవను లోకం నెత్తిన రుద్దారట. సినిమా కథలా ఉంటుంది కాబట్టి అందరికీ నచ్చుతుంది. నేను తమిళనాట ధర్మపురిలో ఒక కాలేజీలో చాలా ఏళ్ళుగా యూరప్ చరిత్ర చెబుతున్నాను. ఆ యుద్ధం మీద పండితులు ఎలా పోట్లాడుకుంటారో నాకు తెలుసు. జర్మనీ ముందే అనుకుని చేసిందని ఒకరు, కాదు తలా ఒక తప్పు చేశారని ఇంకొకరు, సామ్రాజ్యాల ఆకలే అసలు కారణమని మరొకరు. వాళ్ళలో ఎవరితోనైనా నేను వాదానికి దిగుతాను. ‘కజిన్లు’ అనేవాళ్ళతో మాత్రం నా తగువు వేరు. కజిన్ అనేది సగం చెప్పి మిగతాది మింగేసే మాట. పెద్దమ్మ కొడుకూ కజినే, మేనమామ కొడుకూ కజినే అంటే మా ఇళ్ళలో ఒక్క పెళ్ళి సంబంధమైనా కుదురుతుందా?

నిజం చెప్పాలంటే, ఇది నాకు తట్టింది కూడా ఈమధ్యనే. చింతపండు రోజుల్లో, ఒక సాయంత్రం, మా వంటింటి ముందు పంచలో.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని మర్నాటి పాఠం చూసుకుంటున్నట్టు నటిస్తున్నాను. అప్పుడే ఆమెకు ఒక కబురు చెప్పి, ఏమంటుందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాను. పెన్నాగరంలో ఉండే మా చిన్నమ్మ, అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, అంగడి మూసేసి కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోతోంది. ఈ నెలాఖరుకే.

“పోనీ,” అంది అమ్మ, చింతపండు మీద నుంచి తల ఎత్తకుండా.

ఆ అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని రెండేళ్ళయింది. చిన్నమ్మ కొడుకు పెళ్ళిపత్రిక ఫోన్లో బొమ్మగా వచ్చింది తప్ప, ఆమె వచ్చి పిలవలేదు. మా వర్తకుల ఇళ్ళలో పత్రిక ఎంత ఖరీదుగా అచ్చువేయించినా అది కాగితమే. గడప తొక్కి, బొట్టు పెట్టి, నోరారా ‘రండి’ అంటేనే పిలుపు. అంతకు ముందు ఏడాదే నాన్న పోయాడు. ఆ దుఃఖంలో ఉన్న తనను సొంత చెల్లెలే లెక్కచేయలేదని అమ్మ పెళ్ళికి పోలేదు. అక్క రాలేదని చిన్నమ్మ ఫోను చేయలేదు. పెన్నాగరం మాకు గట్టిగా గంట దూరం కూడా కాదు. ఆ గంట దూరం రెండేళ్ళు పట్టింది. బెంగళూరు అంటే ఇంక అంతే, చావుకో పుట్టుకకో.

“ఏం పాఠమే అది, అంత మొగం ముడుచుకొని చదవతా ఉండావు?” అంది అమ్మ. మాట మార్చడానికే.

నేను కుప్పలోంచి ఒక పెద్ద గింజ తీసి చాప మీద పెట్టాను. “ఇది ఇంగ్లండు మహారాణి. మనల్ని కూడా ఏలింది.”

“పాత వెండి రూపాయి మీద ఉండే ముసలామేనా?”

“ఆమే. ఇది ఆమె కూతురు, జర్మనీకి ఇచ్చినారు. ఇది కొడుకు, ఇంట్లోనే ఉన్నాడు. కూతురి కొడుకు జర్మనీ చక్రవర్తి అయినాడు. కొడుకు కొడుకు ఇంగ్లండు రాజు అయినాడు. ఇద్దరూ కజిన్లు.”

“కజినేందే, నోట్లో మాట లేనట్ల! మేనత్త కొడుకని చెప్పు. బావాబామ్మర్దులు.”

ఎన్నో ఏళ్ళుగా తమిళంలో, ఇంగ్లీషులో ఈ పాఠం చెప్పానే, ఒక్కసారి కూడా ఈ రాజులను మా ఇంటి మాటతో పిలిచి చూడలేదు. గబగబా ఇంకో నాలుగు గింజలు తీసి పేర్చాను. రష్యా జారు తల్లీ, ఇంగ్లండు రాజు తల్లీ డెన్మార్కు రాజు కూతుళ్ళు, తోడబుట్టినవాళ్ళు. అంటే ఆ ఇద్దరు రాజులూ అన్నదమ్ములు. జారు పెళ్ళాం తల్లీ, జర్మనీ చక్రవర్తి తల్లీ కూడా అక్కాచెల్లెళ్ళే. అంటే ఆ పెళ్ళాం జర్మనీ చక్రవర్తికి చెల్లెలు. ఈ ముగ్గురిలో ముందుగా యుద్ధం ప్రకటించింది అతను, జారు మీద.

“చెల్లెలి మొగుడి మీదికి దండెత్తినాడా?” అమ్మ చేయి ఆగింది. “పుట్టింటోడు చేసే పనేనా?”

“వాళ్ళకు ఈ లెక్కలు లేవమ్మా.”

“లెక్క లేకుంటే సొందం లేకుండా పోతాదా?”

సొందం అంటే మా ఊరి మాటలో చుట్టరికం. “ఊరికే వాళ్ళ మీద జాలిపడకు,” అన్నాను. నాకు రోషం వచ్చింది. “వాళ్ళ చుట్టరికం వల్ల యుద్ధం రాలేదు, దానివల్ల ఆగనూ లేదు. చచ్చింది వాళ్ళా? మన పక్క నుంచి కూడా జనాన్ని ఓడలెక్కించి తీసుకుపోయినారు. ఎవడికి ఎవడు బావో వాళ్ళకేం తెలుసు పాపం!”

“నేనెక్కడ జాలిపడినా? అడగతా ఉండా, అంతే. మాట్లాడేదానికి ఎవురు పోయినారు?”

“ఎవరూ పోలేదు. టెలిగ్రాములు, అదే తంతులు, కొట్టుకున్నారు.”

“తంతులా!” అమ్మకు నవ్వొచ్చింది. “తంతి చావు కబురుకు గదా కొట్టేది.” కాసేపటికి నవ్వు పోయింది. “వాళ్ళూ అంతేనా? గడప తొక్కలేదా?”

ఫోన్లో ఒక పాత ఫోటో వెతికి చూపించాను. ఇంగ్లండు రాజూ జారూ పక్కపక్కన నిలబడి ఉంటారు. గడ్డం, కళ్ళు, నిలబడే తీరు, అన్నీ ఒకటే.

“తల్లులు ఒక కడుపున పుడితే మొగాలు యాడికి పోతాయి,” అంది అమ్మ. చిన్నమ్మ కొడుకుదీ నాదీ ఒకే ముక్కు. అమ్మ నా ముక్కు వైపు చూసింది.

“సరే, ఆ తల్లులు ఏం చేసినారు?”

యుద్ధం ముంచుకొచ్చే రోజుల్లో చెల్లెలు, అంటే జారు తల్లి, లండన్‌లో అక్క దగ్గరే ఉంది, చూసిపోదామని వచ్చి. కొడుకు దేశం యుద్ధంలోకి దిగుతోందని తెలిసి రైలెక్కింది. బెర్లిన్‌లో జనం చుట్టుముట్టి ఎగతాళి చేశారు. అధికారులు ముందుకు పోనివ్వలేదు. చివరికి డెన్మార్కు మీదుగా చుట్టూ తిరిగి ఇల్లు చేరింది. ఇదంతా చెబుతుంటే అమ్మ గింజలు తీయడం మానేసి వింది.

“అక్క ఎట్లా పంపించింది? ఉండిపోవే అని చెయ్యి పట్టుకోలేదా?”

“ఏమో. నేను చదివినవాటిలో లేదు.”

“ఇన్ని పుస్తకాలు రాసినారు, అది రాయలేదా?”

రాయలేదు. తుపాకులు ఎన్ని, ఏ మంత్రి ఎప్పుడు ఏమన్నాడు, అదంతా ఉంటుంది. అమ్మ అడిగిందని కోపం వచ్చింది గానీ, ఆ కోపం ఆమె మీద కాదు, ఆ పుస్తకాల మీద.

మిగతాది కూడా చెప్పాను. విప్లవం వచ్చి జారును దించేశారు. అతన్ని ఇంగ్లండుకు రమ్మని ముందు ఒప్పుకున్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. చాలాకాలం ఆ తప్పు ప్రధానమంత్రిదే అనుకున్నారు. తర్వాత పాత కాగితాలు బయటికి వచ్చాక, తన సింహాసనం ఎక్కడ కదులుతుందో అని రాజే వద్దన్నాడని చరిత్రకారులు తేల్చారు.

“తమ్ముడు తలుపు తడితే అన్న తెరవలేదు,” అంది అమ్మ, నాకు కాదు, గింజలకు చెప్పినట్టు. “ఏమైనాడు తమ్ముడు?”

“పెళ్ళాంబిడ్డలతో సహా చంపేశారు.”

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఆ చెల్లెలు?”

“ఆమె మిగిలింది. అక్క తన కొడుకును పోరి, యుద్ధపు ఓడ పంపించి తెప్పించుకుంది.”

“ఓడ పంపించిందా?”

అమ్మ మహారాణినీ చక్రవర్తులనూ ఊడ్చి గంపలో వేసింది.

తెల్లవారి నేను కాఫీ పెడుతుంటే అమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, సంచి పట్టుకుని నిలబడి ఉంది. సంచిలో గింజ తీసిన చింతపండు.

“పెన్నాగరం బస్సు ఎన్నింటికే?”

“ఓడ అక్కరలేదా?”

“నోరు మూసుకొని రా.”

చిన్నమ్మ అంగడి సగం ఖాళీగా ఉంది. ఆమె గోనెసంచుల మధ్య నిలబడి తాడు ముడి వేస్తోంది. మమ్మల్ని చూసి ముడి వేస్తూనే ఉంది.

“ఏమక్కా, పిలవకుండా వచ్చినావు?”

“ఫోన్లో పిలిస్తే రాలేదు గదా. అందుకే పిలవనప్పుడు వచ్చినా.”

“నోటికి మాత్రం ఏం తక్కువ లేదు.”

“నీకు తక్కువా? ఇదిగో, చింతపండు. ఆ ఊర్లో మంచిది దొరకదు.”

“బెంగళూర్లో దొరకదా! అడివికి పోతా ఉండానా?” అంటూనే చిన్నమ్మ సంచి అందుకుంది. అందుకునేటప్పుడు అక్క చేయి కూడా కలిపి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. “చిక్కిపోయినావక్కా.”

“నువ్వు నా వంతు కూడా తిన్నట్టుండావే.”

కాఫీ తాగాము. కొడుకు ఇల్లు ఎన్నో అంతస్తు, లిఫ్టంటే ఎంత భయం, కోడలు ఏం వండుతుంది, అన్నీ అయ్యాయి. అప్పుడు చిన్నమ్మ గ్లాసు కింద పెట్టి, ఉన్నట్టుండి అంది: “నేను వచ్చినానక్కా.”

“యాడికి?”

“పెండ్లికి పిలిచేదానికి. కుంకుమ బరిణె పట్టుకొని ధర్మపురి బస్టాండు దాకా వచ్చినా. కొంచేపు ఆడే కుచ్చొని, తిరుగు బస్సు ఎక్కేసినా.”

నేను చరిత్ర చదువుకున్నదాన్ని. “ఎందుకు చిన్నమ్మా?” అన్నాను. మాట పూర్తికాకముందే అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

“బస్టాండు దాకా వచ్చిందంటే వచ్చినట్టే. నువ్వు కాపీ తాగు.”

“కాఫీ అయిపోయింది.”

“గ్లాసు పట్టుకొని కుచ్చో, అయితే.”

బయలుదేరేటప్పుడు చిన్నమ్మ లోపలికి పోయి బరిణె తెచ్చింది. ఇంటికి వచ్చిన ఆడవాళ్ళకు పెట్టి పంపడం ఆనవాయితీ. నాకు పెట్టింది. అమ్మ ముందుకు వచ్చేసరికి కుంకుమ అంటిన వేలు గాల్లో ఆగిపోయింది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నుదుటన ఎవరూ కుంకుమ పెట్టలేదు. పెట్టాలో వద్దో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, వాదించడానికే పుట్టినదాన్ని, నాకు కూడా.

“ఏమే, చెయ్యి నొప్పా?” అంది అమ్మ. మెడ కొంచెం ముందుకు వంచింది. “పెట్టు. బస్సు పోతాది.”

చిన్నమ్మ పెట్టింది. బొట్టు కొంచెం పక్కకు పోయింది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. గాలికి కుంకుమ ముక్కు మీద రాలినా తుడుచుకోలేదు. నేను ఆగలేకపోయాను. “ఆ బరిణె వల్లనేనా అమ్మా? నీకు పెట్టాలో వద్దో తెలియకనే ఆ రోజు వెనక్కి పోయిందా?”

“ఇది నీ క్లాసు కాదు,” అంది అమ్మ, కళ్ళు మూసుకుని.

ఇప్పుడు వాళ్ళిద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు, చింతపండు పులుపు గురించి కూడా పోట్లాడుకుంటారు. నేను క్లాసులో కజిన్లు అనడం మానేశాను. జర్మనీ చక్రవర్తి ఇంగ్లండు రాజుకు ‘మచ్చాన్’, అంటే బావ, అని తమిళంలో చెబితే పిల్లలు పగలబడి నవ్వుతారు, కానీ మరచిపోరు. చిన్నమ్మను మళ్ళీ అడుగుదామని చాలాసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. అమ్మ చూపు చూసి పెట్టేశాను. నాకు తట్టిన కారణం సరైనదేనో కాదో ఇప్పటికీ తెలియదు. వేరే ఎవరైనా ఎదురుపడి ఏమైనా అన్నారేమో, మా ఇంటి దుఃఖం గడప దాకా రావడానికి భయపెట్టిందేమో.

బెర్లిన్‌లో ఆ రాణిని ఆపిందెవరో పుస్తకాల్లో ఉంది. ధర్మపురి బస్టాండులో మా చిన్నమ్మను ఆపిందేమిటి?