నూట ఇరవైకి ఒకటి తక్కువ

కోలారులో మా టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు, మనసులెక్కల మీద. కాగితం, పెన్ను, ఫోను ఏవీ ముట్టకుండా లెక్క కట్టే మన పాత పద్ధతుల్ని మళ్ళీ బడుల్లోకి తెస్తున్నారట. బెంగళూరు నుంచి వచ్చిన సారు, ఇరవై తొమ్మిది ఆర్లు ఎంత అని అడిగాడు. ఆయన నోరు మూయకముందే నేను నూట డెబ్భై నాలుగు అన్నాను. ఎలా కట్టారమ్మా అంటే, ముప్పై ఆర్లు నూట ఎనభై, అందులోంచి ఆరు తీసేశానని చెప్పాను. సారు సంతోషం పట్టలేకపోయాడు. ఇది మన ఋషుల పద్ధతి, మీకెవరు నేర్పారు అన్నాడు. మా నాయన, బంగారు గనిలో కూలి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఋషులకూ మా నాయనకూ ఎక్కడ పరిచయమైందో నాకు తెలీదు గానీ, చప్పట్లు మాత్రం బాగానే ఉన్నాయి.

మా నాయన మాటల మధ్య ఏ అంకెనూ సూటిగా అనేవాడు కాదు. నలభై తొమ్మిది అనడానికి యాభైకి ఒకటి తక్కువ అనేవాడు. సాయంత్రాలు గడపమీద కూర్చోబెట్టి మాకు ఎక్కాలు చెప్పించేవాడు. పదిహేడో ఎక్కంలో మాత్రం ఒక వింత ఉండేది. పదిహేడు ఆర్లు నూట రెండు అయ్యాక, పదిహేడు ఏళ్ళు అని ఆగేవాడు. జవాబు చెప్పేవాడు కాదు. వేలి కణుపుతో గడపమీద ఒక్కటి, టక్కుమని కొట్టి, పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరుకు పోయేవాడు. ఊపిరి తీసుకోవడానికేమో అనుకునేదాన్ని. మామూలు మాటల్లో ఆ అంకె తప్పనిసరిగా వస్తే నూట ఇరవైకి ఒకటి తక్కువ అనేవాడు. మేమూ అంతే అలవాటు పడ్డాం. నాకు యాభై దాటాయి, లెక్కల టీచర్ని, అయినా ఆ అంకెను దాని పేరుతో ఎన్నడూ పలకలేదు. పలకకూడదని ఎవరూ ఒట్టు పెట్టించలేదు. నోరు అటువైపు పోలేదు, అంతే.

శిక్షణ నుంచి వచ్చీ రాగానే మా బడిలో మొదలుపెట్టాను. మా గనుల పేట కోరమండల్‌లో గని కూలీల పాత లైను ఇళ్ళ మధ్య ఉంటుంది మా బడి. పిల్లలు ఇంట్లో తెలుగో తమిళమో మాట్లాడతారు, కొట్లాట వస్తే మాత్రం అందరిదీ కన్నడమే. ఇంటి భాషలో ఎక్కాలు చెప్పించమన్నారు కాబట్టి, అయిదో తరగతి తెలుగు పిల్లలకు మా నాయన ఎక్కాలు యథాతథంగా అందించాను. పదిహేడు ఏళ్ళు దగ్గర నా చెయ్యి బల్లమీద టక్కుమందని నాకు తెలియనే లేదు. మరుసటి రోజు పిల్లలంతా అక్కడ ఆగి, ఒకేసారి బల్లలమీద కొట్టినప్పుడు తెలిసింది. దిద్దాల్సిన దాన్ని. దిద్దలేదు. ఆ చప్పుడు వింటే నాయన పక్కన కూర్చున్నట్టే ఉండింది నాకు.

ఒక మధ్యాహ్నం గాలి లేచి, బంగారం తీసేసిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బమీది తెల్లటి దుమ్ము బడిమీదికి కొట్టింది. కిటికీలన్నీ మూసేశాం. పిల్లలు పదిహేడో ఎక్కం చెబుతున్నారు. పదిహేడు ఏళ్ళు అన్నారు. చేతులు పైకి లేచాయి. అవి కిందికి రాకముందే చప్పుడు వచ్చింది.

బల్లలమీద కాదు. నేల కింద. నా చెప్పుల్లోంచి తగిలింది.

పిల్లలు ఎక్కం ఆపను కూడా ఆపలేదు. పూర్తయ్యాక, ముందు బెంచీలో కూర్చునే పిల్లను పిలిచి, ఏమిటే అది అన్నాను.

"ఈ పొద్దు ఆయప్ప ముందే కొట్టేసినాడు మిస్" అంది.

"ఏ అప్ప?"

"కిందుండే అప్ప. దినామూ మాతో కొడతాడు గదా."

నేను టీచరు ముఖం పెట్టి చెప్పాను. మన కాళ్ళ కింద మైళ్ళకొద్దీ సొరంగాలున్నాయి, గని మూసేశాక నీళ్ళు నిండాయి, అప్పుడప్పుడు బండలు సర్దుకుంటాయి అని. పిల్లలు మర్యాదగా తల ఊపారు. మరునాడు నేను చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళనూ కట్టుకోమని, ఎక్కం చెప్పించాను. పదిహేడు ఏళ్ళు అన్నాక గది నిశ్శబ్దంగా ఉంది. సరిగ్గా మా నాయన కొట్టే చోట, కింద టక్కుమంది. బండలకు ఎక్కాలు రావు. ఆ రోజు చాలా భయపడ్డాను.

ఆ ముందు బెంచీ పిల్ల గురించి చెప్పాలి. నా ఇన్నేళ్ళ నౌకరీలో అంత చురుకైన బుర్రను చూడలేదు. తండ్రి లేడు. తల్లి తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పనికి పోయి రాత్రికి వస్తుంది. పెంచేదంతా అవ్వే. జిల్లా మనసులెక్కల పోటీలో గెలిస్తే ఆ పిల్లకు హాస్టలున్న మంచి బడిలో సీటు వస్తుంది. పన్నెండో తరగతి దాకా బెంగ ఉండదు. పిల్లల్ని ఎంచడానికి కోలారు నుంచి ఒక సారు వచ్చాడు. పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి ఆ పిల్ల ఆయన కంటే ముందే జవాబు చెప్పింది. పదోది, పదిహేడు ఏళ్ళు ఎంత అన్నాడు.

పిల్ల బల్లమీద టక్కున కొట్టి, నవ్వుతూ ఊరుకుంది.

"ఎంతమ్మా?" అన్నాడు ఆయన. మళ్ళీ కొట్టింది. నూట ఇరవైకి ఒకటి తక్కువ అని నేను గొణిగాను. సారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. సోమవారం మళ్ళీ వస్తాను, అప్పుడూ ఇలాగే అయితే వేరే బడి పిల్లను తీసుకుంటాను అని చెప్పి పోయాడు. తప్పు పిల్లది కాదు, నాది. నా నోటి జబ్బు పిల్లకు అంటించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అదే సాయంత్రం క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. జరిగింది చెప్పాను.

"ఆ టక్కుమనేది పిల్లోళ్ళకు ఎవురు నేర్పినారమ్మా?"

"నేనేనవ్వా. మా నాయన అలవాటు."

"మీ నాయన యాడ పనిచేసినాడు?"

ఏ షాఫ్టులో, ఏ షిఫ్టులో చేశాడో చెప్పాను. అవ్వ చేట కింద పెట్టింది.

"మా ఇంటాయనా ఆడనే. ఆయనకు నత్తి. నలుగురిలో నోరు తెరిచేవాడు కాదు. షిఫ్టు అయిపోయి పైకొచ్చినాక టైమాఫీసులో నంబర్లు పిలుస్తారు గదా. అందురూ ఉన్నా అంటే, ఈయన తన నంబరుండే ఇత్తడి బిళ్ళతో కిటికీ చెక్కమీద ఒక్కటి కొడతా ఉండె. ఇంటికొచ్చినా అంతే, తలుపుమీద ఒక్కటి. ఆ దినం లోపల బండ పేలింది. ఆయన నంబరు మూడుసార్లు పిలిచినారంట. చప్పుడు లేదు. మీ నాయన వరసలో నిలబడుకోని వింటా ఉన్నాడంట."

ఆ నంబరెంతో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"నాకు చెప్పేదానికి మీ నాయనే వచ్చినాడమ్మా. నోరు రాలేదేమో పాపం, తలుపుమీద కొట్టినాడు. ఒక్కటే కొట్టినాడు. మా ఇంటాయనే వచ్చేసినాడని పరిగెత్తినాను."

నాకు ఏడుపు ఆగలేదు. రోజూ సాయంత్రం మా గడపమీద మా నాయన చేసింది అదా! ఎక్కంలో మాట మింగడం కాదు, పైకి రానివాడి తరఫున హాజరు చెప్పడం. అది కూడా లెక్కల్లో కలిపి మాకు నేర్పి పోయాడు. నేల కింది చప్పుడు సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. అవ్వ ఉలిక్కిపడుతుందనుకున్నాను. ఉలిక్కిపడలేదు.

"పిలవకుంటే ఎట్లొస్తాడమ్మా?" అంది. "నంబరు పిలిస్తేనే గదా పైకొచ్చినట్టు లెక్క. ఇన్నేండ్లూ మీరందురూ ఆయన బదులు కొడతానే ఉండారు. పిలిచేవోళ్ళు ఒక్కరూ లేరు. ఇంగ నేను చూసుకుంటాలే, పో."

శని ఆదివారాలు పిల్లకు ఆ అంకె నేర్పింది అవ్వే. నాకు చేతకాలేదు.

సోమవారం ఉదయం సారు వచ్చాడు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. బయట గాలి, తెల్ల దుమ్ము. తలుపు మూసి ఉంది. సారు ఈసారి మొదటి ప్రశ్నే అది అడిగాడు. పదిహేడు ఏళ్ళు?

పిల్ల చెయ్యి లేవబోయి ఆగింది. వెనక్కి తిరిగి అవ్వను చూసింది. అవ్వ తల ఊపింది.

"నూట పంతొమ్మిది."

"గట్టిగా చెప్పు."

"నూట పంతొమ్మిది!"

నేను నేలవైపు చూస్తున్నాను. కింద ఏ చప్పుడూ లేదు. సారు కాగితంమీద పిల్ల పేరు రాసుకుంటున్నాడు. ఎవరూ అడగకుండానే, బడంతా వినపడేటట్టు పిల్ల మూడోసారి పిలిచింది.

"నూట పంతొమ్మిది!"

తలుపుమీద టక్కుమంది. ఒక్కటే.

"ఎవరది, లోపలికి రండి" అన్నాడు సారు, తల ఎత్తకుండానే.

ఎవరూ రాలేదు. అవ్వ లేచింది. డెబ్భై అయిదు దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, బెంచీల మధ్య పరిగెత్తింది. తలుపు తెరిచింది. వరండాలో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు నాకు.

"వచ్చినావా" అంది అవ్వ.

తర్వాత ఆమె గుమ్మంలోంచి పక్కకు జరిగింది, ఒక మనిషి లోపలికి వచ్చేంత. నేను నా కుర్చీలోంచి లేచి, దాన్ని ఖాళీగా ముందుకు జరిపాను.