అయస్కాంతం తిప్పిన సంగతి

ఆ పరిశోధనశాలలో అందరూ ఆవిడను టేపులమ్మ అనేవారు. ముప్పై నాలుగేళ్ళ కిందట కణాలను ఢీకొట్టించి కొలిచినదంతా టేపుల్లో ఉండేది, టేపులన్నీ ఆవిడ చేతికింద ఉండేవి. పాతబడ్డ టేపును ఉన్నపళంగా తిప్పితే పూత ఊడొస్తుంది. అందుకని ఒక్కోదాన్ని చిన్న ఓవెన్‌లో వెచ్చబెట్టి, చల్లార్చి, అప్పుడు డిస్కుల్లోకి ఎక్కించింది. పదకొండేళ్ళు పట్టింది. అలాంటి మనిషికి పక్కగది బీరువాల్లోని డ్యూటీ పుస్తకాలు, ప్రయోగం నడిచిన రోజుల్లో ఏ రోజుకారోజు చేత్తో రాసినవి, చెత్తలా కనబడతాయా?

కొత్త డైరెక్టరుకి కనబడ్డాయి. "డేటా అంతా డిస్కుల్లో ఉంది కదమ్మా, ఈ కాగితాలెందుకు? పారేయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టండి."

"పెట్టను సార్."

నోటితో చెబితే ఎక్కదని, ఒక పరిశోధకురాలిని పిలిచి ఆయన ముందే ఒక ఏడాది డేటా తెరిపించింది. ఏప్రిల్ దాకా అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత రుణావేశం ఉన్న కణాలన్నీ ధనావేశంతో కనబడ్డాయి.

"డేటా పాడైపోయింది మేడమ్," అంది ఆ అమ్మాయి.

"పాడవలేదమ్మా. తప్పు నాదే."

ఆ ఏప్రిల్ నాటి పుస్తకం తీసి చూపించింది. ఆవిడ దస్తూరీయే: ఉదయం పదకొండింటికి అయస్కాంతం దిశ తిప్పాం. అది తిప్పితే కణాలు వంగే వైపు మారుతుంది, ఆ సంగతి తెలియని కంప్యూటరు ఆవేశాన్ని తలకిందులుగా లెక్కగడుతుంది. అప్పట్లో ఏం చేసినా పుస్తకంలో రాసేవారు. మళ్ళీ కంప్యూటర్లో కొట్టే అలవాటు ఎవరికీ లేదు, ఆవిడకూ లేదు. ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి ముందూ ఒప్పుకోవాలంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా ఒప్పుకుంది.

డైరెక్టరు తేలిగ్గా తీసేశాడు. "సరే, ఆ ఒక్క పేజీ దాచుకోండి."

"ఏ పేజీ పనికొస్తుందో ముందే తెలిస్తే ఇక పరిశోధన ఎందుకు సార్?"

ఆయన నవ్వాడు. "నెలాఖరుకి రిటైరవుతున్నారుగా. మీ తర్వాత వచ్చేవాళ్ళు పెడతారు లెండి సంతకం."

ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆవిడా, ఆ అమ్మాయీ పుస్తకాలు ముందేసుకుని ప్రతి పేజీనీ ఫొటో తీసి, ఏ రోజు పేజీని ఆ రోజు డేటా ఫైల్లోనే విడదీయడానికి వీల్లేకుండా కలిపేశారు. "ఇల్లొకటుందని గుర్తుందా?" అని మొగుడు దెప్పాడు. "నెలాఖరుకి గుర్తొస్తుంది లెండి," అంది.

చివరి రోజు డైరెక్టరు రుసరుసలాడుతూ వచ్చాడు. "ఎవరినడిగి కలిపారు?"

"అడిగితే వద్దంటారని అడగలేదు," అంది ఆవిడ, కూర్చున్న చోటి నుంచి లేవకుండానే. "కాగితాలు మీ ఇష్టం. అందులో రాసిందంతా పారేయాలంటే మాత్రం ఇక మొత్తం ప్రయోగాన్నే పారేయాలి. ఆ ధైర్యం ఉంటే కానివ్వండి."