ముసుగోడు బతికే ఉన్నాడని పోట్లాడిన రోజులు

మా తమ్ముడు ఎక్కిన బోటు తిరిగి రాని ఆ రోజుల్లో నేను ఏడ్చినదానికంటే పోట్లాడింది ఎక్కువ. పోట్లాటంతా ఫోన్లోనే. ఎన్నడూ ముఖం చూడని మనుషులతో, అదీ ఒక సీరియల్ గురించి.

మాది అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డున ఊరు. నాన్న పోయాక తమ్ముడు చేపల వేటకు వెళ్ళడం మొదలుపెట్టాడు. నేను రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. వాడికి చదువు అబ్బలేదని ఊళ్ళో అందరూ అనేవారు గానీ, ఇంగ్లీషు కామిక్స్ ఫోన్లో దించుకుని, తెలియని మాటల అర్థాలు నన్నడుగుతూ చదివేవాడు. అందులో ఒక ముసుగు వీరుడంటే వాడికి ప్రాణం. వరదలో, మంటల్లో చిక్కుకున్నవాళ్ళు ఎంత దూరంనుంచి పిలిచినా ఆ వీరుడికి వినపడుతుంది. ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరు ఉండేది. మా ఇంట్లో మాత్రం ముసుగోడే. ఆ కథనే సీరియల్‌గా తీసి తెలుగులో కూడా వదిలారు. వారం వారం ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. ఎండుచేపలు ఎత్తిపెట్టి వచ్చిన అమ్మ మా వెనక కూర్చుని, "ఆ ముసుగులో ఆడికి ఉక్కబొయ్యదా ఏంటి?" అనేది.

చివరి భాగం రాకముందే వాడు వేటకు బయల్దేరాడు. "నేనొచ్చేదాకా చూడకక్కా" అన్నాడు.

"ఆనకట్ట తెగి ముసుగోడు నీళ్ళల్లో పోతాడంట కదరా? అభిమానుల గ్రూపులో అంటున్నారు."

"పుస్తకంలో మళ్ళీ వస్తాడక్కా. నేను అట్ట మీద బొమ్మ చూశాను కదా" అని నవ్వి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగిపోయాడు.

వాయుగుండం అనుకున్నదానికంటే ముందే తాకింది. మిగతా బోట్లన్నీ ఏదో ఒక రేవు చేరుకున్నాయి. వాడిది చేరలేదు. హెలికాప్టర్ తిరిగింది, ఓడలు వెతికాయి. ఒక వల ముక్క దొరికిందన్నారు గానీ అది మావాళ్ళదో కాదో ఎవరూ చెప్పలేకపోయారు. "ఒడిశా వైపు కొట్టుకుపోయి ఉండొచ్చండి. అలా వెళ్ళి ఒడ్డెక్కినవాళ్ళు ఇదివరకు ఉన్నారు" అన్నాడు ఒక ఆఫీసరు. అమ్మా నేనూ ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాం.

ఈలోగా సీరియల్ చివరి భాగం వచ్చింది. నేను చూడలేదు. స్టాఫ్ రూములో కూర్చుని ఆ తెలుగు అభిమానుల వాట్సాప్ గ్రూపు తెరిచాను. అందులో నన్ను చేర్చింది తమ్ముడే. ముసుగోడు చనిపోయాడట. శవం కూడా దొరకలేదట. నది ఒడ్డున ఖాళీ పెట్టెకు అంత్యక్రియలు చేశారట. కొందరు ఏడుస్తున్నారు, కొందరు సీరియల్ తీసినవాళ్ళని బూతులు తిడుతున్నారు. "చస్తేనే బాగుంది, తిరిగొస్తే కథ చవకబారుగా ఉండేది" అని ఒకతను రాశాడు.

ఒళ్ళు మండిపోయింది. శవం చూశారా మీరు, అని రాశాను. చూడకుండా చచ్చాడని ఎలా అంటారు? కామిక్‌లో తిరిగొస్తాడు, తెలియకపోతే నోరు మూసుకోండి. క్లాసుకీ క్లాసుకీ మధ్య, బస్సులో, బోట్ల కబురు కోసం రేవులో నిలబడి కూడా రాస్తూనే ఉన్నాను. ముసుగోణ్ణి బతికించాలని ఎవరో ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరిస్తుంటే ఆ లింకు మా స్కూలు పిల్లల తల్లులకు కూడా పంపాను. హెడ్మాస్టరు గారు పిలిచి, "ఇంట్లో ఇంత జరుగుతుంటే ఈ సీరియల్ గొడవేంటమ్మా?" అన్నారు జాలిగా. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నీళ్ళలోంచి లేచి రాకపోతే నాకు ఊపిరాడదని ఆయనకెలా చెప్పను?

ఊరి పెద్దలు ఇంటికొచ్చారు. మనిషి దొరకకపోతే గడ్డితో బొమ్మ చేసి దహనం చేస్తారు. "ఎన్నాళ్ళని చూస్తావమ్మా, ఆ కార్యం కానిచ్చేద్దాం" అన్నారు. "బతికున్న కొడుక్కి తలకొరివి పెట్టిస్తారా?" అని అమ్మ వాకిట్లో కూలబడిపోయింది.

ఆ మధ్యాహ్నమే గ్రూపులో కామిక్ పేజీలు ప్రత్యక్షమయ్యాయి. పెట్టినాయన సామర్లకోటలో రైల్వే ఉద్యోగి, వయసులో పెద్దవారు. ఆ కామిక్స్ చిన్నప్పటినుంచీ దాచుకున్న మనిషి. "ఈ వాదన ఇంతటితో ఆపండి" అని రాశారు. పేజీలు చూశాను. నీళ్ళలోంచి వచ్చినవాడు ముసుగు తీస్తాడు. అతను వేరే కుర్రాడు. పోయినవాడి ముసుగు తొడుక్కుని వచ్చాడు. మా తమ్ముడు చూసింది అట్ట మాత్రమే.

ఆయనకు ఫోన్ చేసి అరిచాను. "ఎందుకు పెట్టారండీ? మిమ్మల్ని ఎవరడిగారు?"

"అది కథే కదమ్మా" అన్నారాయన బిత్తరపోయి.

"మా తమ్ముడు ఇంకా రాలేదండి" అన్నాను. ఆయనే మెల్లగా ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నారు. తమ్ముడి పేరు చెప్పాను. "ఆ అబ్బాయి నాకు తెలుసమ్మా" అన్నారు.

ఆదివారం బస్సులు మారుతూ మా ఊరు వచ్చారు.

"మీరు మావోడి స్నేహితులాండి?" అంది అమ్మ.

"అవునమ్మా. ఒకరినొకరం చూసుకోలేదు, అంతే" అని నేలమీదే కూర్చుని, తమ్ముడు ఆయనకు పంపిన వాయిస్ మెసేజ్ పెట్టారు. వెనక ఇంజను చప్పుడు, గాలి హోరు. "సార్, తర్వాత పుస్తకం ఇప్పుడే పంపకండి. ఏటకెళ్తన్నాం. వచ్చాక చదువుతాను. ఇప్పుడు చదివితే ఆగలేనండి, మా అక్కకి చెప్పేస్తాను."

అమ్మ ఆ ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది. "మళ్ళీ పెట్టండి బాబూ" అంది. ఆయన మళ్ళీ పెట్టారు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ పెట్టారు. చివరికి అమ్మ, "మీరు చదువుకున్నోరు. ఆడు వస్తాడా బాబూ?" అంది. వస్తాడని అబద్ధమైనా చెబుతారని ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెలీదమ్మా" అన్నారు. కళ్ళజోడు తీసి పట్టుకున్నారు గానీ కళ్ళు తుడుచుకోలేదు.

ఒడిశా నుంచి ఏ కబురూ రాలేదు. బొమ్మ దహనం జరిగిపోయింది. అమ్మ గడప దాటలేదు. చిన్నాన్న కొరివి పెడుతుంటే చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను. అటు చూడటం ఇంకా కష్టమైంది.

సీరియల్ కొత్త సీజన్ ప్రకటించారు. వేరే కుర్రాడు ముసుగు వేసుకున్న పోస్టరు చూసి గ్రూపంతా సంబరం. నేనేమీ రాయలేదు. పనిచెయ్యని నంబర్లన్నీ తీసేస్తానని అడ్మిన్ ప్రకటించినప్పుడు మాత్రం అతనికి ఫోన్ చేసి, తమ్ముడి నంబరు ఒక్కటి ఉండనివ్వండని బతిమాలాను. ఎందుకని అడక్కుండా సరేనన్నాడు.