కాంపౌండర్ కూతురు తెరిచిన ఇనప్పెట్టె

మా అమ్మను ఎవరైనా ‘ఆయమ్మా’ అని పిలిస్తే నాకు ఒళ్లు మండేది. ఆయా పని తక్కువని కాదు. కూకట్‌పల్లిలో ఆమె పనిచేసే చిన్న నర్సింగ్ హోంలో ఇంజెక్షన్లు ఆమే చేసేది, సెలైన్లు ఆమే ఎక్కించేది, కాన్పుల్లో డాక్టరమ్మ పక్కన ఆమే నిలబడేది. చేసేదంతా నర్సు పని, పిలుపు మాత్రం ఆయమ్మ, జీతమూ ఆయమ్మదే. మిషన్ ఆసుపత్రిలో మూడేళ్లు నర్సింగ్ చదివి పాసయ్యానని చేరిన రోజే చెబితే అక్కడి మేనేజర్ నవ్వాడట. “కాగితం తెండి, అప్పుడు చూద్దాం” అన్నాడట.

ఆ కాగితం మా తాత ఇనప్పెట్టెలో ఉంది. అమ్మ అడగక కాదు. అడిగినప్పుడల్లా తాత తల అడ్డంగా ఊపేవాడు. “గా చిన్న దుకాణానికి నీ సర్టిఫికెట్ ఎందుకు బిడ్డా? అక్కడ ఇక్కడ పడేస్తే చెదలు పడ్తది. పెద్ద దవాఖానోళ్లు పిలిచిననాడు నేనే తీసిస్త” అనేవాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పే అలవాటు మా అమ్మకు లేదు. ఆ అలవాటు నాకు పుష్కలంగా ఉంది గానీ నా మాట వినేదెవరు?

మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, మెదక్ వైపు ఒక మిషన్ దవాఖానలో ముప్ఫై ఏళ్లకు పైగా కాంపౌండర్. ఆ పెట్టె అప్పట్లో అక్కడి డాక్టరు దొరసానిది. విషం మందులు, మత్తు మందులు అందులో పెట్టి తాళం వేసేదట. దవాఖాన మూతపడ్డప్పుడు దాన్ని తాతకు ఇచ్చేసి వెళ్లిపోయింది. మోకాలెత్తు పచ్చరంగు ఇనప్పెట్టె. తాళంచెవి లేదు. తలుపు మధ్యలో ఇత్తడి చక్రం, దాని చుట్టూ సున్నా నుంచి తొంభై తొమ్మిది వరకూ అంకెలు, పక్కన ఒక పిడి. చక్రాన్ని మూడు అంకెల దగ్గరికి వరసగా తిప్పి ఆపితేనే పిడి కదులుతుంది. తాత మియాపూర్‌లో మా రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చినప్పుడు ఆ పెట్టె కూడా ట్రాలీ మీద వచ్చింది. ఇంట్లో అందరి ముఖ్యమైన కాగితాలూ అందులోనే. తీసేటప్పుడు మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆ అంకెలేమిటని అడగడం మర్యాద కాదని అందరూ ఊరుకున్నారు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే తాత పోయాడు. ఒక్క మాట చెప్పే వ్యవధి కూడా దొరకలేదు.

అప్పటికి మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ కంపెనీల గుండ్రటి గాజు మేడ లేస్తోంది. మా మామ, అమ్మకు అన్న, ఆ పక్కనే ఒక కట్టడం మీద సూపర్‌వైజరు. సైటు దగ్గర విన్న కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. తాత పోయిన రెండు నెలలకు ఒక బుధవారం అలాగే వచ్చాడు. “చెల్లె, ఆడ పెద్ద దవాఖాన తెరుస్తున్నరు. నర్సులను తీస్కుంటున్నరు. అనుభవం ఉంటే వయసు సూడరట. సోమవారం పొద్దుగాల ఇంటర్వ్యూ. ఒరిజినల్ సర్టిఫికెట్ ఉండాలె, జిరాక్సు నడవది” అన్నాడు.

అమ్మ మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. డూప్లికేట్ సర్టిఫికెట్ తెప్పించుకోవాలంటే పోలీసు కాగితం, పేపర్లో ప్రకటన, ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. నెలలు పడుతుంది. మా చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో అందరమూ ఆ చక్రం తిప్పాం. తాత పుట్టినరోజు, అమ్మమ్మ పోయిన రోజు, మామ పుట్టినరోజు, అమ్మది. మాది చర్చికి వెళ్లే కుటుంబం కాబట్టి పాటలను పేర్లతో కాక నంబర్లతోనే పిలుస్తాం. తాతకు ఇష్టమైన పాటల నంబర్లు తిప్పాలన్నాడు మామ. తీరా చూస్తే అందులో సగం నంబర్లు వంద దాటినవే, చక్రం మీద లేనే లేవు. నేనప్పుడు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. పెన్ను పట్టుకుని లెక్కవేసి, పది లక్షల రకాలుగా తిప్పవచ్చని గంభీరంగా ప్రకటించాను.

“అయితే ఏం చేద్దాం?” అంది అమ్మ.

“ఒక్కొక్కటే తిప్పాలె.”

“నీ కోర్సుల గిదేనా చెప్పిన్రు?” అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం బేగంబజార్ నుంచి తాళాలు బాగుచేసే ఒక ముసలాయనను మామ వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పెట్టెకు చెవి ఆనించి గంటసేపు తిప్పాడు, రెండు చాయ్‌లు తాగాడు. “పాత ఇంగ్లీషు మాల్. నాకు చాత కాదు” అని ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మంచి పని చేశాడు. మొదటి అంకెకు కుడి వైపు నాలుగు చుట్లు, రెండోదానికి ఎడమకు మూడు, మూడోదానికి మళ్లీ కుడికి రెండు తిప్పి, చివర ఎడమకు ఆగేదాకా పోనిచ్చి పిడి నొక్కాలని, అమ్మ చూస్తుండగా నాకు చేయి పట్టుకుని నేర్పాడు.

ఇక లాభం లేదని మామ తేల్చేశాడు. ఆదివారం చర్చి అయ్యాక సైటు నుంచి గ్యాస్ కటింగ్ మనిషిని తీసుకొస్తానన్నాడు. అన్నట్టే సిలిండర్లతో సహా మధ్యాహ్నానికల్లా దించాడు. పెట్టెను వాకిట్లోకి జరిపించాడు. వెల్డరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పెట్టెను చుట్టూ తట్టి చూశాడు. లోపల ఏముందని అడిగాడు.

“కాగితాలు” అన్నాను.

“కాగితాలా? గ్యారంటీ లేదమ్మా. ఈ తలుపు కోసేసరికి లోపల పొయ్యి లెక్కనే ఉంటది.”

“కొన్నన్న మిగుల్తయి గద” అన్నాడు మామ.

నేను ఒంటికాలి మీద లేచాను. “ఏది మిగుల్తదో నువ్వు చెప్పగలవా మామా? అమ్మ సర్టిఫికెటే మొదలు కాలితే?” అన్నాను. “నువ్వు ఊకో పిల్లా, ఇంకేం చేద్దామంటవ్ మరి?” అని గదిమాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. మనిషి ఏడవడం లేదు, అది చూసే నాకు భయం వేసింది. పెట్టె మీద ఉన్నవి ఉన్నట్టే వాకిట్లోకి వచ్చిన సామాన్లు తీయమని మామ అంటే, నా కంప్యూటర్ పుస్తకాన్ని కోపంగా లాగాను. అందులోంచి జానెడు పొడవున్న సన్నటి కాగితం పట్టీ జారి అమ్మ కాళ్ల దగ్గర పడింది.

“ఇదేందే?” అంది అమ్మ.

“తాత కళ్లద్దాల డబ్బాల ఉండె. పేజీ గుర్తుకు పెట్టుకున్న.”

అమ్మ దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టింది. మందు అట్టపెట్టె నుంచి కత్తిరించిన పట్టీ అది, ఒక వైపు అచ్చు, ఒక వైపు తెలుపు. ఒక అంచున చిన్న చిన్న గంట్లు మూడు. ఒక కొస మూల కాస్త తెగి ఉంది. ఇలాంటివి తాత దగ్గర బోలెడు ఉండేవి. వెనకటి దవాఖానల్లో కాంపౌండర్లు మందు కలిపి సీసాలో పోసి, సీసా పక్కన ఇలాంటి పట్టీ అంటించేవారు. ఒక గంటు నుంచి ఇంకో గంటు దాకా ఒక మోతాదు. చదువురాని మనిషి కూడా చూసి తాగగలడు. మా అమ్మ చిన్నప్పుడు బడి నుంచి రాగానే తాత పక్కన కూర్చుని వందల పట్టీలు కత్తిరించిందట. గంట్ల మధ్య దూరం వెంట్రుకంత తేడా వచ్చినా తాత వేళ్ల మీద స్కేలుతో ఒకటి అంటించేవాడట.

“ఇవి ఎచ్చుతక్కువ ఉన్నయి” అంది అమ్మ. “మా నాయిన ఇట్ల కొయ్యడు. సచ్చినా కొయ్యడు.”

“ముసలితనంల చెయ్యి వణికి ఉంటది” అన్నాడు మామ. వెల్డరుకు సైగ చేశాడు. వెల్డరు లైటర్ తీశాడు.

“ఆగు అన్నా!”

నా జన్మలో మా అమ్మ తన అన్న ముందు గొంతు పెంచగా వినడం అదే మొదటిసారి. అమ్మ అతని వైపు చూడనైనా లేదు. “ఏ సీసా ఇంత పొడుగుంటది? ఇది సీసాది కాదు” అంటూ పెట్టె ముందు నేల మీద చతికిలబడింది. పట్టీని ఇత్తడి చక్రం అంచు చుట్టూ చుట్టింది. రెండు కొసలూ సరిగ్గా వచ్చి కలుసుకున్నాయి. గోరు దూరేంత సందు కూడా లేదు.

చివరి రెండేళ్లు తాత కళ్లకు శుక్లాలు వచ్చి అంకెలు ఆనేవి కావు. ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చాడు. అయినా పెట్టె తీయడం మాత్రం ఏనాడూ ఆగలేదు. మాకు వీపు పెట్టి కూర్చుని, ఈ పట్టీ చుట్టుకుని, గంట్లను వేలితో తడుముకుంటూ తీసేవాడన్నమాట. ఆ సంగతి మా ఎవరికీ తట్టలేదు.

“మూల కోసిన కొస పైకొస్తది. తలకిందులు అంటియ్యకుండ గట్ల కోస్తరు” అంటూ అమ్మ ఆ కొసను సున్నా మీద పెట్టింది. నేను గంట్ల దగ్గర అంకెలు చదివాను. ఏది ముందు, ఏది వెనక అని అడిగాను. “మందు పైనుంచే గద తాగేది. పై గంటే మొదటిది” అంది, ఇంత కూడా తెలియదా అన్నట్టు. బేగంబజార్ ముసలాయన నేర్పినట్టు నాలుగు, మూడు, రెండు చుట్లు తిప్పి, చివర ఎదురు తిప్పి పిడి నొక్కాను. పిడి కదల్లేదు. మామ నిట్టూర్చాడు. వెల్డరు మాత్రం సిలిండర్ మీద కూర్చుని, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

అమ్మ పట్టీ విప్పి రెండు వైపులా చూసింది. “నేనే ఉల్టా చుట్టిన. అచ్చు ఉన్న దిక్కు లోపలికి పోవాలె” అంది. తిరగేసి చుట్టింది. ఈసారి నన్ను పక్కకు జరగమని, గంట్ల దగ్గర కొత్తగా వచ్చిన అంకెలకు తన చేత్తోనే తిప్పింది. నాలుగు చుట్లు. మూడు. రెండు. తర్వాత ఎదురు తిప్పి, చక్రం ఆగేదాకా పోనిచ్చి, పిడి కిందికి నొక్కింది.

తలుపు తెరుచుకుంది.

“వారెవ్వా!” అని అరిచింది వెల్డరే. మామ వచ్చి చెల్లెలి పక్కన నేల మీద కూర్చున్నాడు. “నన్ను గూడ పిలిచేటోడు నాయిన, పట్టీలు కొయ్యనీకి. నేను గోలీలాటకు ఉరికేటోన్ని. ఒక్కనాడన్న కూసోకపోతిని” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. అర నిమిషం కాలేదు, గేటు దగ్గర మూగిన జనానికి “మా చెల్లె తీసింది, మా చెల్లె!” అని చాటడం మొదలుపెట్టాడు. చర్చి నుంచి ఇటే వచ్చిన పాస్టరుగారికి కూడా రెండుసార్లు చెప్పాడు.

సర్టిఫికెట్ పై అరలోనే, తలుపుకు ఆనుకునే ఉంది. గ్యాస్ మంట తగిలితే ముందు కాలేది అదే. ఒక మందు డబ్బాలో, మైనం కాగితంలో చుట్టి ఉంది. అంచు కూడా నలగలేదు. అమ్మ దాన్ని విప్పి తన పేరు చదువుకుంది. పది లక్షల రకాలన్న నా లెక్కను ఒక కాంపౌండర్ కూతురు రెండుసార్లలో తేల్చేసింది.

సోమవారం తెల్లచీర కట్టుకుని బయల్దేరింది. నేను తోడు వెళ్లాను. కొత్త ఆసుపత్రికి ఇంకా సున్నం వాసన పోలేదు. గంటన్నర లోపల ఉంచారు. బయట నేను గోళ్లన్నీ కొరికేశాను. వచ్చాక ఏమైందని అడిగితే “పద, బస్సు పోతది” అంది, అంతే. బస్సెక్కి, కిటకిటలాడే జనంలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాక, నా చెవి దగ్గరికి వంగింది. “ఒకటో తారీఖు సంది రమ్మన్నరు. స్టాఫ్ నర్సుగ” అంది.

ఇక నేను ఆగుతానా? అప్పుడే కండక్టరు టికెట్లు అడుగుతూ వచ్చాడు. “రెండు మియాపూర్. ఒకటి నాకు, ఒకటి మా అమ్మకు. మా అమ్మ పెద్ద దవాఖానల స్టాఫ్ నర్సు” అన్నాను, బస్సు బస్సంతా వినబడేలా. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. “నోరు ముయ్యవే, ఇజ్జత్ తీస్తున్నవ్” అంది.

కండక్టరు టికెట్లు చింపి ఇచ్చాడు గానీ ముందుకు కదల్లేదు. “నమస్తే సిస్టర్. మా చిన్నోనికి నాలుగు దినాల సంది దగ్గు. సిరప్ తాగిపిచ్చినా తగ్గుత లేదు” అన్నాడు.

మా అమ్మ నన్ను వదిలేసి అతని వైపు తిరిగింది. “జరం ఉన్నదా? పడుకున్నప్పుడు డొక్కలు ఎగరేస్తున్నడా? ముందుగాల గది చెప్పు” అంది.