బిడ్డ మీద ఒట్టు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఎవరిని అడిగినా చెప్తరు, మా ఊరికి పేదరికం తగ్గించే సంస్థను తెచ్చింది నేనేనని. ఎవరూ చెప్పకుంటే నేనే చెప్త. దరఖాస్తు రాసిన, పట్నంల వాళ్ల ఆఫీసు మెట్లు ఎక్కిన, పెద్ద మేడం ముందర కూసొని మా ఊరి ఆడోళ్ల గోస చెప్తే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. చేవెళ్ల బస్టాండు కాడి చాయ్ హోటల్ల ఈ కథ విన్నోళ్లు నాకు చాయ్ పైసలు కట్టనియ్యరు.

అసలు సంగతి వేరే. ఆ రోజు మొయినాబాద్‌ల మోకాళ్లకు మందు గోలీలు కొనుక్కొని బస్సు కోసం నిలవడ్డ. ఎండ మాడ్చేస్తున్నది. సంస్థ పేరున్న ఒక తెల్ల జీపు ఆగి, అందుట్ల కూసున్న పడుచు పిల్ల పక్కనున్న ప్రొద్దుటూరుకు తొవ్వ ఎటు అని అడిగింది. "నేనూ అటే బిడ్డా, చూపిస్త పా" అని ఎక్కి కూసున్న. మా ఊరు అటు కాదు. మా ఊరి తొవ్వనే చూపించి, మా మలుపు కాడ దిగి, "ఎట్లాగూ వచ్చినరు గద, జర మా పూల తోటలు చూసి పోండ్రి" అన్న. పేదరికం తగ్గించే సంస్థలు ఊర్లను ఎట్ల ఎంచుకుంటయని మీరు నన్నడిగితే, నాకు తెలిసిన జవాబు ఒక్కటే: ఒక ముసలోనికి బస్సు దొరకలే.

మా దిక్కు భూములు సగానికి సగం పట్నపోళ్లవి అయినయ్. గోడల అవతల ఫామ్‌హౌసులు, గోడల ఇవతల మిగిలినకాడ పూల తోటలు. బంతి, చామంతి, గులాబీ. ఆ తోటలు కూడ మావి కావు, పట్నం ఆసాములవే. మాదల్ల అందుట్ల కూలి. పువ్వు తెల్లారకముందే తెంపాలె, పొద్దు పొడిచే యాళ్లకు పట్నం మార్కెట్ల దిగాలె. అందుకని చీకటితోని తెంపేటోళ్లకు కూలి ఎక్కువ, పొద్దెక్కినంక కలుపు తీసేటోళ్లకు తక్కువ. పాలు తాగే పిల్లల తల్లులకు ఎప్పుడూ ఆ తక్కువ కూలే. చీకట్ల, పురుగూ పుట్రా తిరిగే చోట, పిల్లను ఎక్కడ పండవెడ్తరు?

పగటి పూట పిల్లలను కట్టేసేటోళ్లు. ఇది మాకు తప్పు కాదు, మా అవ్వలు మమ్ముల కట్టేసి పెంచినోళ్లే. పాత చీరను చించి ఒక పేలిక తీస్తరు. అది పిల్ల నడుముకు చుట్టి, ముడి వీపు దిక్కు వేస్తరు, చేతికి అందకుంట. రెండో కొస షెడ్డు గుంజకు. పేలిక ఎంత పొడుగుండాలెనో ఆడోళ్లు కంటితోనే కొలుస్తరు. పిల్ల నీడ దాకా పోవాలె, నీళ్ల దాకా పోవద్దు.

నీళ్లంటే కుంట. డ్రిప్పుకు నీళ్లు నిలవజేసేటందుకు తవ్వి, నీళ్లు ఇంకకుంట నల్ల ప్లాస్టిక్ కవరు పరుస్తరు. ఆ కవరు మీద కాలు నిలవదు. ఒకసారి కుక్క పడ్డది. ఈతొచ్చిన కుక్క! కుంట చుట్టూ తిరిగి తిరిగి, ఎక్కలేక ఎక్కలేక, ఆఖరుకు నిచ్చెన వేస్తే వచ్చింది. దాని గోర్ల గీతలు ఆ కవరు మీద ఇప్పటికీ ఉన్నయ్.

జీపు పిల్ల తోటలకు రాంగనే చూసింది పువ్వును కాదు, గుంజకు కట్టేసిన ఆడపిల్లను. అప్పుడప్పుడే అడుగులేస్తున్న పిల్ల. నోట్ల మట్టి.

"ఎవరి పాప ఇది? పశువును కట్టేసినట్టు కట్టేసిండ్రేంది?"

తల్లి కలుపు ఇడిసిపెట్టి ఉరికొచ్చింది. పెనిమిటి పట్నంల సెంట్రింగ్ పనికి పోయి వారానికోసారి వస్తడు. ఇంట్ల అత్త లేదు, అవ్వ లేదు. "కట్టకుంటే కుంటల పడ్తది మేడం" అన్నది, తల వంచుకొని.

వెనుకనుంచి ఒక పెద్దామె అందుకున్నది. "మేమందరం గిట్లనే పెరిగినం మేడం. పిల్లలదేముంది, మా మొగోళ్లను కట్టేసే పేలిక ఉంటే చెప్పుండ్రి, కల్లు కాంపౌండు తొవ్వ పట్టకుంట."

అందరూ పక్కున నవ్వినరు. జీపు పిల్ల నవ్వలే. ఫోటో తీసుకున్నది. తర్వాత వంగి ముడి తానే ఇప్పింది. తల్లి చేతిని తీసి పిల్ల నెత్తి మీద పెట్టింది.

"ఇంక కట్టనని బిడ్డ మీద ఒట్టు పెట్టు. పిల్లలకు జాగా నేను చూస్త."

పట్నం చదువు చదివినా ఒట్టు బలం ఆమెకు తెలుసు. ఆమెదీ మా అసొంటి ఊరే, వరంగల్ దిక్కు. ఆ తల్లి ఒట్టు పెట్టింది. ఆమెను చూసి అక్కడున్న తల్లులందరూ తమ తమ పిల్లల నెత్తుల మీద చేతులు పెట్టినరు. నేను పక్కన నిలబడి పెద్దమనిషి లెక్క తల ఊపిన.

మాట తప్పలే జీపు పిల్ల. బస్సు పోయే రోడ్డుకు దగ్గర్నే ఒక అర్ర కిరాయికి తీసుకొని పిల్లల బడి తెరిచింది. ముందుగాల తొమ్మిదింటికి తెరుస్తమని చెప్పింది. ఆడోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. "తొమ్మిదింటికి మా పువ్వు దేవుని మెడల ఉంటది మేడం" అన్నది ఆ పెద్దామె. వేరేటోళ్లయితే పైనుంచి ఆర్డరు అట్లనే ఉన్నదని చెప్పి పోయేటోళ్లు. ఈ పిల్ల పైవాళ్లతోని కొట్లాడి చీకటితోనే తెరిపించింది. చలికాలం కూడ చేవెళ్లల తన కిరాయి అర్ర నుంచి మఫ్లరు చుట్టుకొని చీకటితోనే స్కూటీ మీద వచ్చేది. నిద్రపోతున్న పిల్లలను తల్లుల భుజం మీదినుంచి తన భుజం మీదికి తీసుకునేది. నేను చూసిన.

ఆ బడిని నడిపింది నేనే అని కూడ చెప్త. నేను పోయింది ఉప్మాకు. ఉడుకబెట్టిన గుడ్డు ఇచ్చే రోజైతే ఇంకా ముందుగాల పోయేటోన్ని. ఉప్మా రుణం తీర్చుకునేటందుకు పిల్లలకు కథలు చెప్పేటోన్ని. గండిపేట కట్ట మీద పులి మీసం పీకిన కథ. ఆ గుంజ పిల్ల, ఇప్పుడు నడిచి ఉరికే పిల్ల, నా ఒళ్లె కూసొని నా మీసం పీకి "పులీ" అనేది. పులి ఎవరో దానికొక్కదానికే తెలిసింది.

ఆ బడి ఏం చేసిందంటే, ఆ గుంజ పిల్ల తల్లి జిందగీల మొదటిసారి చీకటి కూలికి పోయింది. ఇంటి మీద కురిసే చోట రేకు పడ్డది. పిల్లకు పాల పాకెట్ వచ్చింది. ఒకనాడు పండుగ లేదు పబ్బం లేదు, ఆమె ఇంట్ల కోడికూర వాసన, గాలికి మా ఇంటి దాకా వచ్చింది. పేదరికం తగ్గుడంటే ఏందో పెద్దోళ్లు పుస్తకాలు రాస్తరు. నాకైతే ఆ వాసన.

సంస్థ వచ్చినంత సుళువుగనే పోయింది. పైసలిచ్చేటోళ్లు ఇంక చాలన్నరట. ఎందుకని అడిగితే సంస్థ పిల్ల నేల చూసుకుంట చెప్పింది: "మీ ఊరు బాగుపడ్డదని మేమే రాసినం తాతా. కట్టేసిన ఫోటో ఒకటి, బడిల నవ్వుతున్న ఫోటో ఒకటి, పక్కపక్కన పెట్టి పంపినం. చూసి సంతోషపడి ఇంకో ఊరికి ఇచ్చిండ్రు."

బడిని ఊరి కమిటీకి అప్పజెప్పినరు. కమిటీకి అధ్యక్షున్ని నేను. ఇది అబద్ధం కాదు, దండ కూడ వేసిండ్రు. కాని కమిటీ కూసున్నది ఆ ఒక్క దినమే, బిస్కెట్లు అయిపోయేదాకా. ఎనక పది రోజులకో పదిహేను రోజులకో అర్ర ఓనరు జాగను ప్లాట్లోళ్లకు అమ్ముకున్నడు. జేసీబీ వచ్చింది. గోడ మీద పిల్లలు గీసిన సున్నాలు, కోళ్లు, సూర్యుడు అన్నీ ఒక్క తొండంతోని కింద పడ్డయ్. అధ్యక్షుడు నిలబడి చూసిండు.

బడి అప్పజెప్పి పోయేముందు సంస్థ పిల్ల, తల్లులందరినీ కౌగిలించుకొని ఏడ్చింది. "ఏమన్న కానీ, పిల్లలను మాత్రం కట్టెయ్యకండ్రి. ఒట్టు యాదుంచుకోండ్రి" అన్నది. మంచికే అన్నది.

ఆమె పోయిన తెల్లారి బడి తెరిచేటోళ్లు లేరు, గుంజ పిల్ల తల్లి నా అరుగు కాడికి వచ్చింది, పిల్లను చంకనేసుకొని.

"తాతా, ఇప్పుడేం చెయ్యాలె?"

"ఎప్పటి లెక్క పగటి పనికి పో బిడ్డా."

"పగటి పని ఎక్కడున్నది? సాళ్ల మీద కవరు పరిచిండ్రు, కలుపే మొలుస్తలేదు. ఇప్పుడు చీకటి తెంపుడు ఒక్కటే."

"అయితే తోల్కపోయి కట్టెయ్."

"ఒట్టు పెట్టిన గద."

"ఒట్టుదేముందే, తీసి గట్టు మీద పెట్టు" అని నవ్విన.

ఆమె నవ్వలే. "నా మీద పెట్టుకున్న ఒట్టయితే ఎప్పుడో తీసి పెడుదును. పిల్ల నెత్తి మీద పెట్టిన తాతా. తప్పితే దానికేమన్న అయితే?"

నా దగ్గర ఇడిసి పో అన్న. లోపలినుంచి నా కోడలు అన్నది: "నీకే ఒకరు కావలి ఉండాలె మామా, మొన్న పొయ్యి మీద పాలు పెట్టి నిద్రపోయినవు." అది నిజమే. తల్లి పిల్లను చంక మార్చుకొని ఇంటికి నడిచింది.

అట్ల ఆమె పిల్లను తోట కాడికి తీస్కపోయుడు మొదలువెట్టింది. షెడ్డుల గోనెసంచి పరిచి పండవెట్టి, దుప్పటి కప్పి, నెత్తికి లైటు కట్టుకొని సాళ్లల్లకు పోయేది. కట్టలే. ఒక్కనాడూ కట్టలే.

ఇగ, ఆనాటి సంగతి. చాయ్ హోటల్ల నేను చెప్పేది ఇట్ల ఉంటది. నిద్రవట్టక నేను తోట దిక్కు నడిచిన. నీళ్ల చప్పుడు విన్న. మోకాళ్ల నొప్పి మరిచి ఉరికిన, పంచె ఊడదీసి ఒక కొస గుంజకు కట్టిన, రెండో కొస పట్టుకొని ఆ నల్ల కవరు మీద జారుకుంట నీళ్లల్లకు దిగిన, పిల్ల జుట్టు దొరకవట్టిన. పైకి తీసి బోర్ల పండవెట్టి వీపు మీద చరిస్తే నీళ్లు కక్కింది. కండ్లు తెరిచి నా మీసం చూసి "పులీ" అన్నది. ఇప్పుడు బడికి పోతున్నది, అక్షరాలు గుండ్రంగ రాస్తది. హోటల్ల ఈ కాడికి వచ్చేసరికి ఎవరో ఒకరు కండ్లు తుడుచుకుంటరు. ఇంకో చాయ్ వస్తది.

నేను ఆడ లేను. ఇంట్ల మంచం మీద కూసొని చాయ్ ఇంకా రాలేదని కోడలి మీద ఒర్లుతున్న. కేకలు విని నేను కట్టె పట్టుకొని పోయేసరికి తెల్లారింది. పిల్లను గోనెసంచి మీదనే పండవెట్టిండ్రు. నీళ్లల్లకు దిగింది తల్లే. ఆడోళ్లు చీరెలు ముడేసి ఆమెను పైకి గుంజిండ్రు. అప్పటికే ఆలస్యమైంది. నిద్రలేచి తల్లి కోసం వచ్చి ఉంటదని, నీళ్లల్ల నెత్తి లైటు నీడ కనవడి అవ్వ అటున్నదనుకొని ఉంటదని ఒకామె అన్నది. ఎవరు చూసిండ్రు. ఆ కవరు మీద కుక్క గోర్ల గీతలు ఉన్నయని చెప్పిన గద. పిల్లకు గోర్లు ఏముంటయ్. నేను వెతికిన, గీతలు లేవు.

చాయ్ హోటల్ల ఎందుకు అట్ల చెప్తవని మీరడగొచ్చు. దాన్ని ఆడనన్న బతుకనియ్యండ్రి.

ఆ తర్వాత దినాలల్ల ఊర్ల తల్లులకు ఒకటే ఫికరు. పిల్లలను కట్టెయ్యకుంటే కుంట, కట్టేస్తే ఒట్టు. ఆసామి వచ్చి కుంట చుట్టూ ఇనుప జాలి కంచె వేయిస్త, వేయిస్త అంటున్నడు. మా పద్ధతిల ఒట్టు పెట్టించుకున్నోళ్లే ఒట్టు తియ్యాలె, ఇంకొకరు తీస్తే చెల్లదు. పెద్దామె ఫోను చేయించింది. సంస్థ పిల్ల అప్పటికి ఇంకో జిల్లాల, ఇంకో సంస్థల పని చేస్తున్నది. రాత్రి బయల్దేరి రెండు బస్సులు మారి తెల్లారకముందే వచ్చింది. జీపు లేదు, ఫోటోలు లేవు. మలుపు కాడ నేనే ఎదురుపోయి తోల్కొచ్చిన. తొవ్వంత నాకు చెప్పేటందుకు కథ దొరకలే.

తోట కాడ తల్లులు పిల్లలను ఎత్తుకొని నిలబడ్డరు. ఆమె ఒక్కొక్క పిల్ల కాడికి పోయి నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నేను పెట్టించిన ఒట్టు నేనే తీస్తున్న. మీ మీద లేదు, పిల్ల మీద లేదు."

మాట సగంల తప్పితే మల్ల మొదటినుంచి చెప్పేది. సరిగ్గ చెప్పకుంటే ఒట్టు పోదేమోనని తల్లులు కూడ మల్ల చెప్పించుకున్నరు. ఆఖరుకు అందరి పిల్లలూ అయినరు.

కుంటల పడ్డ పిల్ల తల్లి పక్క సాల్ల చామంతి తెంపుతున్నది. పనికి వచ్చింది, రాక ఏం చేస్తది. ఇటు చూడలే. అందరిదీ అయినంక తెంపిన పువ్వు సంచి కింద పెట్టి వచ్చింది. నడుముల చెక్కుకున్న పేలిక తీసింది. అది నాకు గుర్తే, ఎర్ర చీర, అంచు పసుపుపచ్చ. ఉతికి మడత పెట్టి ఉన్నది.

అందరిలోకి చిన్నపిల్లను ఎత్తుకున్నామెకు ఇచ్చింది. "ఇది మెత్తగ ఉంటది అక్కా, ఒరుసుకపోదు" అన్నది.

ఎత్తుకున్న పిల్ల మెసులుతుంటే ఆమెకు ఒంటిచేత్తో ముడి పడుతలేదు. సంస్థ పిల్ల మోకాళ్ల మీద కూసొని, పేలిక తీసుకొని, పసిదాని నడుముకు తానే చుట్టింది. ముడి ముందర వేసింది. తెల్వక.

"వీపు దిక్కు మేడం" అన్నది పసిదాని తల్లి. "చేతికి అందకుంట."

ఇప్పి, మల్ల వీపు దిక్కు వేసింది.